తెలియకుండా కదిలే నోరు

మానసిక వ్యాధికి ఏళ్ళ తరబడి మందులు వాడుతున్నవారు మనలో ఎందరి ఇళ్ళలోనో ఉన్నారు. వారిలో కొందరు నోట్లో ఏమీ లేకపోయినా నములుతున్నట్టు దవడ ఆడిస్తుంటారు. నాలుక మాటిమాటికీ బయటికి వస్తుంది. చేతివేళ్ళు వాటంతటవే కదులుతుంటాయి. "ఏమిటా వెక్కిరింతలు?" అని ఇంట్లోవాళ్ళు కసురుతారు. కాని అది కావాలని చేసేది కాదు. అలా కదులుతున్న సంగతి చాలాసార్లు ఆ మనిషికే తెలియదు.

వైద్యులు దీన్ని టార్డివ్ డిస్కినీసియా అంటారు. ఆలస్యంగా మొదలయ్యే అసంకల్పిత కదలికలని అర్థం. 1952లో క్లోర్‌ప్రొమజైన్ వాడుకలోకి వచ్చాక మానసిక వైద్యం తీరే మారిపోయింది. ఇలాంటి మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గిస్తాయి. లేని మాటలు వినిపించడం, అనవసర అనుమానాలు అందువల్లే తగ్గుతాయి. అయితే ఒంటి కదలికలను సరిచూసేదీ ఆ డోపమినే. మందు చాలాకాలం వాడాక కొందరిలో ఆ అదుపు తప్పుతుంది. వయసు మళ్ళినవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

మరి తప్పంతా మందుదేనా? చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ వైద్యులు, స్కాట్లండ్ వైద్యులు కలిసి వయసు మళ్ళినవారిని పరీక్షించి, 1996లో ఫలితాలు ప్రకటించారు. స్కిజోఫ్రీనియాకు మందు వాడుతున్నవారిలో నూటికి 41 మందికి ఈ కదలికలున్నాయి. ఎన్నడూ మందు వాడని రోగులు దొరికింది 21 మందే అయినా, వారిలోనూ నూటికి 38 వంతున కనిపించాయి. ఏ జబ్బూ లేనివారిలో 15 మాత్రమే. అంటే మందుతోపాటు జబ్బుకూ ఇందులో పాత్ర ఉందన్నమాట.

కనుక భయపడి మందు మానేయకండి. ఒక్కసారిగా ఆపితే పాత జబ్బు తిరగబెట్టవచ్చు, కదలికలూ ముదరవచ్చు. అలాగని ఊరుకోనూ వద్దు. త్వరగా చూపిస్తే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు, లేదా కదలికలను తగ్గించే వేరే మందు ఇస్తారు. చేతుల వణుకుకు ఇచ్చే మాత్రలను మాత్రం సొంతంగా కొని వేయకండి. అవి ఈ కదలికలను పెంచవచ్చు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనం డాక్టరుకు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చెప్పుకోవలసి వస్తుంది. మాట తోచకపోతే ఆ కదలిక ఎలా ఉందో చేసి చూపించండి. ఎప్పుడు మొదలైందో చెప్పండి. పాత మందుచీటీలన్నీ వెంట తీసుకెళ్ళండి. 2022లో మొదలైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా అడగవచ్చు.

అంతకంటే ముందు ఇంట్లో కసరడం మానండి. ఆ మనిషి ఇప్పటికే చాలా భరిస్తున్నాడు.