కంప్యూటరులోని దుబాసీ

ఇంటిలోని కంప్యూటరునకు అచ్చు వేయు ప్రింటరునో, మైకునో తగిలించినంత మాత్రమున అది పనిచేయదు. కంప్యూటరు భాష వేఱు, ఆ పరికరము భాష వేఱు. రెంటికిని నడుమ నిలిచి మాట చేరవేయు దుబాసీ యొకడు కావలెను. ఆ పని చేయు ప్రోగ్రామునే డ్రైవరందురు.

1991లో ఫిన్లండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమునకు శ్రీకారము చుట్టెను. దాని ప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. కావున దానికి డ్రైవరు వ్రాయుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. సీ భాషలో పరిచయమును, ఓర్పును ఉండవలెను.

అయితే ఒక జాగ్రత్త. సామాన్యమైన ప్రోగ్రాములో తప్పు దొరలినచో సాధారణముగా అది మాత్రమే ఆగిపోవును. డ్రైవరు అట్లు గాదు. అది సిస్టము గర్భమైన కెర్నెల్‌లో చేరి పనిచేయును. అచ్చట ఒక్క పొరపాటుతో యంత్రమంతయు స్తంభింపవచ్చును. దాచుకొన్న సమాచారము చెడవచ్చును. అందుచే తొలి ప్రయత్నమును అక్కఱలేని పాత కంప్యూటరుమీదనో, వర్చువల్ మెషీనులోనో చేయుట మేలు.

మొదటి డ్రైవరు ఏ పరికరమును నడుపనక్కఱలేదు. లోనికి వచ్చునపుడు 'వచ్చితిని' అనియు, వెడలునపుడు 'పోవుచున్నాను' అనియు కెర్నెల్ చిట్టాలో వ్రాసిన చాలును. కంప్యూటరును ఆపకయే ఇన్‌స్‌మాడ్ అను ఆజ్ఞతో దానిని లోనికి పంపి, ఆర్‌ఎమ్‌మాడ్ అను ఆజ్ఞతో వెలికి రప్పింపవచ్చును.

ఆ తరువాత దానికి తెఱచుట, చదువుట, వ్రాయుట, మూయుట అను నాలుగు పనులు నేర్పవలెను; లినక్సులో అనేక పరికరములు ఫైళ్లవలెనే కనబడును. ఇచ్చట రెండు నియమములు మఱవరానివి. బయటి ప్రోగ్రాము ఇచ్చిన మెమరీ చిరునామాను గ్రుడ్డిగా నమ్మరాదు. కాపీ ఫ్రమ్ యూజర్ అను సాధనముచే పరీక్షించియే నకలు తీసికొనవలెను. అప్పు తెచ్చుకొన్న మెమరీని వెడలునపుడు తిరిగి అప్పగింపవలెను. డ్రైవరు మఱచినచో కెర్నెల్ తనంతట తాను దానిని వసూలు చేసికొనదు.

ఈ శ్రమ యెందులకని అడుగవచ్చును. తయారుచేసినవారు కొన్నేండ్లకు పాత పరికరములను పట్టించుకొనుట మానుదురు. దుబాసీ లేక, చక్కగా నున్న యంత్రము సైతము అటకెక్కును. పరికరపు వివరములు దొరకి, డ్రైవరు వ్రాయ నేర్చినవాడొకడున్నచో అది మఱల పనిచేయును. మీ యింటి అటకమీద అట్టిది యొకటి యున్నదేమో చూడుడు.