తాతల మరణాలు, చట్టం మౌనం

వంశచరిత్ర రాయబూనిన ఢిల్లీ తెలుగువారు కొందరు తాతగారి మరణ తేదీకై స్వగ్రామ పంచాయతీకి లేఖలు వ్రాయడం నేనెరుగుదును. వెతకవలసింది పుట్టినూరిలో కాదు, కన్నుమూసిన చోట. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం మరణం సంభవించిన ప్రాంతపు రిజిస్ట్రారుకే ఆ బాధ్యత అప్పగించింది. 17వ సెక్షను ప్రకారం ఎవరైనా రుసుము చెల్లించి రిజిస్టరు వెతికించి, ధ్రువపత్రం పొందవచ్చు. అందులో మరణ కారణం మాత్రం ఉండరాదు. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించినా ఈ నిషేధం తొలగలేదు. ఇంగ్లండులో 1837 నుంచి నమోదైన మరణాల ధ్రువపత్రాలను ఎవరైనా కొనవచ్చు. కారణమూ వాటిలో ఉంటుంది. నిన్న పోయినవారి గుట్టు కాపాడటం సబబే. ఏనాడో తాతను బలిగొన్నది క్షయో, కలరాయో మనుమడికి తెలియరాదనడంలో ఔచిత్యమేమిటో పాలకులే చెప్పాలి.