బొమ్మ మసకగా ఉందా? ముందు వైరు చూద్దాం

పంట డబ్బు చేతికందినప్పుడో, పట్నంలోని బిడ్డలు పంపినప్పుడో మనం పెద్ద టీవీ కొంటాం. తీరా ఇంటికి తెచ్చాక బొమ్మ పాత డబ్బా టీవీలో కంటే మసకగా కనబడితే మనసు చివుక్కుమంటుంది. దాన్ని నిందించేముందు, ఇంకా మంచిదాని కోసం అప్పు చేసేముందు మనం గమనించవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది వైరు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత వైరులో బొమ్మంతా పసుపు పిన్ను గుండానే వెళ్తుంది. వెలుగు, రంగు కలిసి ప్రయాణించి టీవీలో మళ్లీ విడిపోవాలి. ఆ విడదీతలో అంచులు చెదిరి, రంగులు పాకుతాయి. హెచ్‌డీఎంఐ వైరు బొమ్మను, ధ్వనిని అంకెల రూపంలో పంపుతుంది. సెట్‌టాప్ బాక్సుకు, టీవీకి ఆ సౌకర్యం ఉంటే అదే వాడుదాం. రెండు మీటర్ల దూరానికి మామూలు వైరు చాలు. అంకెలు సరిగా చేరకపోతే బొమ్మలో చుక్కలు పడతాయి, లేదా బొమ్మ ఆగిపోతుంది. సరిగా చేరితే మాత్రం ఖరీదైన వైరు అంతకంటే అందమైన బొమ్మ ఇవ్వదు.

రెండవది అప్‌స్కేలింగ్. మన డీవీడీ బొమ్మలో 576 వరుసలు, వరుసకు 720 చుక్కలు. 4కె టీవీ తెరపై 2160 వరుసలు, వరుసకు 3840 చుక్కలు. అంటే 20 రెట్లు. తక్కువపడిన చుక్కలను టీవీ పక్క చుక్కలను బట్టి అంచనా కట్టి నింపుతుంది. ఆ అంచనా ఎంత చక్కగా ఉన్నా, అసలు బొమ్మలో లేని వివరం నిజంగా తిరిగి రాదు.

ఇక సెట్టింగ్స్. హెచ్‌డీ బాక్సు మెనూలో 1080 ఎంచుకుందాం. ‘వివిడ్’ తీసి ‘సినిమా’ లేదా ‘స్టాండర్డ్’ పెడదాం. షార్ప్‌నెస్ తగ్గిస్తే ముఖాల చుట్టూ తెల్లగీతలు పోతాయి. పాత వీడియోలకు 4:3 పెడితే మనుషులు లావుగా సాగిపోరు. మామూలు ఛానళ్లు చూసేటప్పుడు కాస్త దూరంగా కూర్చుందాం.

చివరగా ఒక మాట. చాలా ఇళ్లలో గతించిన తాతయ్య నడుస్తూ, నవ్వుతూ కనిపించేది ఒక్క పెళ్లి క్యాసెట్‌లోనే. టేపు ఏటేటా పాడైపోతుంది గనుక త్వరగా కాపీ చేయిద్దాం. అయితే ఎలాంటి మెరుగులు దిద్దని కాపీ ఒకటి తప్పక అడిగి తీసుకుందాం. యంత్రం నునుపు చేసిన ముఖం కంటే, మసకగా ఉన్నా తాతయ్య ముఖమే మన పిల్లలకు మిగలాలి.