సరతాన్ పట్టు: గెనిమ తెగకముందే

అరబీలో ‘సరతాన్’ అంటే ఎండ్రకాయ. క్యాన్సర్‌కు కూడా అదే పేరు. పట్టిన అవయవాన్ని వదలకపోవడం, చుట్టూ రక్తనాళాలు కాళ్లవలె వ్యాపించి ఉండటం ఆ పేరుకు కారణాలు కావచ్చునని వేయి సంవత్సరాల క్రితమే ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో వివరించారు. కంటితో చూసి ఆయన చెప్పిన ఆ పట్టు ఎలా బిగుస్తుందో నేటి కణశాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు.

స్త్రీ రొమ్ములోని పాలనాళాల లోపలి వైపున కణాలు క్రమంగా అమరి ఉంటాయి. వాటి వెలుపల ఒక పలుచని పొర ఉంటుంది. మన అనంతపురం సేద్యగాడి మాటలో చెప్పాలంటే అది చేని గెనిమ. చెడిన కణాలు గెనిమ లోపల ఉన్నంతకాలం అది ఆ చేనికే పరిమితమైన తెగులు. పొర దాటాలంటే వాటికి రెండు రకాల ప్రోటీన్లు కావాలి. ఇంటెగ్రిన్లు కణానికి పట్టునిస్తాయి. మెటాలోప్రోటియేజులనే ఎంజైములు అడ్డుగా ఉన్న అల్లికను కోస్తాయి. గెనిమ తెగిన తర్వాత రక్తం, శోషరసం వెంట ఆ కణాలు ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి చేరగలవు.

ఈ రంగంలో తప్పక చెప్పుకోవలసిన శాస్త్రవేత్త టెహ్రాన్‌లో జన్మించిన మీనా బిస్సెల్. 1972 నుండి అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాలలో ఆమె పరిశోధనలు సాగాయి. రొమ్ము కణాలను గాజు పళ్లెంపై పరచక, శరీరంలోని అల్లికను పోలిన మెత్తని జెల్‌లో ఆమె బృందం పెంచింది. ఆరోగ్యకరమైన కణాలు చిన్న గుండ్రని గదులుగా అమరాయి. క్యాన్సర్ కణాలు అస్తవ్యస్తంగా గుంపు కట్టాయి. అప్పుడు ఒక ఇంటెగ్రిన్‌ను యాంటీబాడీతో అడ్డగించారు. జన్యువులలోని లోపాలు అలాగే ఉన్నా, ఆ కణాలు పెరుగుదల మాని క్రమంగా అమరాయి! ఇది 1997లో ప్రచురితమైన ఫలితం. కణం నడవడిని దాని జన్యువులే కాదు, ఇరుగుపొరుగు కూడా నిర్ణయిస్తుందన్నమాట.

అయితే తొందరపడి సంబరపడరాదు. కోసే ఎంజైములను ఆపే మందులను 1990లలో రోగులపై పరీక్షించగా ఆశించిన మేలు కలగలేదు. కనుక గెనిమ తెగకముందే గడ్డను పట్టుకోవటం నేటికీ ఎంతో విలువైనది.

మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. తొలిదశలో గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. ‘నొప్పి లేదు కదా’ అని కొందరు, హయా పేరుతో మరికొందరు దాన్ని నెలల తరబడి దాస్తారు. తావీజుతో కాలం గడిపేవారూ ఉన్నారు. వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగిన పల్లెవాసులకు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేయించుకోమనే సెలవిచ్చారు. వార్ధక్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని తెలిపారు. దుఆ వైద్యానికి తోడు, బదులు కాదు.

ఫిఖ్హ్ ఆదేశం కూడా స్పష్టమే. లేడీ డాక్టరు ఉంటే ఆమెకే చూపించాలి. లేనిచోట, మహ్రమ్ సమక్షంలో, అవసరమైన మేరకు పురుష వైద్యునికి చూపించటం ధర్మసమ్మతం. ఖర్చుకు భయపడే కుటుంబాలు ఆరోగ్యశ్రీగా జనమెరిగిన ప్రభుత్వ పథకం గురించి ముందుగా ఆసుపత్రిలో విచారించాలి. పెద్ద చికిత్సకు మన జిల్లా నుండి బెంగళూరు దగ్గర. అక్కడి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి కిద్వాయ్ సంస్థ. స్వాతంత్ర్య సమరయోధుడు రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరే దానికి పెట్టారు.