సి కంపైలర్, అసెంబ్లర్, ప్రాసెసర్: తేజస్32 కోసం జిసిసి అమరిక

వ్యాససంగ్రహం: ఒక నిర్దిష్ట ప్రాసెసర్ కోసం సి కంపైలర్‌ను అమర్చుకోవడం ప్రాసెసర్ పేరు సూచించడంతో పూర్తయ్యే పని కాదు. కంపైలర్ ఏ అసెంబ్లర్‌తో కలిసి పనిచేయాలో కూడా ఆ అమరికలోనే స్థిరపడాలి. ఈ అంశాన్ని తేజస్32 చిప్ ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: జిసిసి, అసెంబ్లర్, లింకర్, రిస్క్-ఫైవ్, తేజస్32.

1. ప్రస్తావన

సి ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలరేనని స్థూలంగా చెప్పుకుంటాం. జిసిసి విషయంలో ఇది సగం మాత్రమే నిజం. జిసిసి తయారుచేసేది అసెంబ్లీ భాషలోని పాఠం. ఆ పాఠాన్ని బిట్ల రూపంలోకి తెచ్చేది బైన్‌యుటిల్స్ అనే వేరొక సంపుటిలోని అసెంబ్లర్. ఈ రెండూ వేర్వేరు ప్రాజెక్టులు; వాటి విడుదలల తేదీలూ వేరు. అందువల్ల ప్రాసెసర్ గురించి రెండింటి అవగాహన ఒకటిగా ఉండేటట్లు చూడవలసిన బాధ్యత అమర్చేవారిదే.

2. లక్ష్య ప్రాసెసర్ స్వభావం

రిస్క్-ఫైవ్ ఆదేశసమితి రూపకల్పన 2010లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైంది. దీనిలో ‘ఐ’ అనే మూలసమితి, దానికి చేర్చుకోదగిన విస్తరణలు ఉంటాయి. ‘ఎం’ గుణకార భాగహారాలకు, ‘ఏ’ అవిభాజ్య స్మృతి చర్యలకు, ‘ఎఫ్’ దశాంశ గణనకు, ‘సి’ 16 బిట్ల కుదించిన ఆదేశాలకు సంకేతాలు. సి-డాక్ రూపొందించిన తేజస్32లో వేగ శ్రేణికి చెందిన ఈటి1031 ప్రాసెసర్ ఉంది. దాని ఆదేశసమితి ఆర్‌వి32ఐఎం. అంటే దానికి 16 బిట్ల ఆదేశాలు తెలియవు. అమరికలో మొదటి నిర్ణయం ఈ సంకేతాన్ని సరిగా రాయడం. రెండవది ప్రమేయాల మధ్య విలువలు చేరవేసే ఒడంబడిక. దశాంశ రిజిస్టర్లు లేవు కనుక ఇక్కడ ‘ఐఎల్‌పి32’ను ఎంచుకోవాలి. దశాంశ గణనలను అప్పుడు లిబ్‌జిసిసి లోని ప్రమేయాలు నిర్వహిస్తాయి.

3. అమరిక క్రమం

ముందుగా ‘రిస్క్‌వి32-అన్‌నోన్-ఎల్ఫ్’ లక్ష్యానికి బైన్‌యుటిల్స్‌ను నిర్మించి స్థాపించాలి. తరువాత అదే లక్ష్యానికి, అదే స్థాపన స్థానంలో సి భాషకు మాత్రమే పరిమితమైన జిసిసిని, దానితో న్యూలిబ్ గ్రంథాలయాన్ని, చివరగా పూర్తి జిసిసిని నిర్మించాలి. ‘విత్-ఆర్చ్’, ‘విత్-ఎబిఐ’ ఐచ్ఛికాలలో పై రెండు నిర్ణయాలను నమోదు చేయాలి.

అసెంబ్లర్‌ను ముందే స్థాపించడానికి కారణం ఉంది. జిసిసి అమరిక స్క్రిప్టు తనకు దొరికిన అసెంబ్లర్‌కు చిన్న చిన్న నమూనాలు ఇచ్చి, అది ఏ సూచనలను అంగీకరిస్తుందో పరీక్షిస్తుంది. ఆ ఫలితాలు కంపైలర్‌లో శాశ్వతంగా నమోదవుతాయి. కొత్త అసెంబ్లర్‌ను చూసి నిర్మితమైన జిసిసిని తరువాత పాత అసెంబ్లర్‌తో నడిపితే, దానికి అర్థంకాని సూచనలు వెలువడే అవకాశం ఉంది. కంప్యూటర్‌లో పలు అసెంబ్లర్లు ఉన్నప్పుడు ‘విత్-యాజ్’ ఐచ్ఛికం ద్వారా కావలసిన దాని పూర్తి మార్గాన్ని పేర్కొనడం మేలు.

4. అసెంబ్లర్ చేసే నిర్ణయాలు

రిస్క్-ఫైవ్‌లో ఆదేశం నిడివిని సాధారణంగా నిర్ణయించేది కంపైలర్ కాదు, అసెంబ్లర్. జిసిసి మామూలు ఆదేశాన్నే రాస్తుంది. ‘సి’ విస్తరణకు అనుమతి ఉంటే, వీలున్న చోట అసెంబ్లర్ దానిని 16 బిట్లకు కుదిస్తుంది. కాబట్టి ‘ఎం-ఆర్చ్’ విలువ అసెంబ్లర్‌కు కూడా చేరాలి. జిసిసి ద్వారా పిలిచినప్పుడు అది చేరుతుంది. చేతితో రాసిన అసెంబ్లీ ఫైలును నేరుగా అసెంబ్లర్‌కు ఇస్తే, అది తన సొంత పూర్వనిశ్చిత విలువను వాడుకుంటుంది. ప్రారంభ కోడ్‌ను కూడా జిసిసి ద్వారానే నడపాలనడానికి కారణమిదే.

5. నిర్దేశం మారినప్పుడు

నియంత్రణ రిజిస్టర్లను చదివి రాసే ఆదేశాలు రిస్క్-ఫైవ్ 2.2 నిర్దేశంలో ‘ఐ’ సమితిలో భాగం. 2019 నాటి నిర్దేశం వాటిని ‘జిక్సర్’ అనే విస్తరణగా వేరుచేసింది. 2022లో విడుదలైన బైన్‌యుటిల్స్ 2.38, జిసిసి 12 ఈ కొత్త నిర్దేశాన్ని ప్రమాణంగా స్వీకరించాయి. ఫలితంగా, అంతవరకు ఆర్‌వి32ఐఎం పేరుతో సవ్యంగా నడిచిన ప్రారంభ కోడ్‌లోని నియంత్రణ రిజిస్టర్ ఆదేశాలను అసెంబ్లర్ తిరస్కరించింది. ప్రాసెసర్ మారలేదు, ప్రోగ్రామూ మారలేదు. ‘ఐ’ అనే అక్షరానికి అర్థం మారింది. ‘ఆర్‌వి32ఐఎం_జిక్సర్’ అని రాయడం దీనికి పరిష్కారం. అయితే ఆ పేరు తెలియని పాత అసెంబ్లర్ ఈ మాటనే తిరస్కరిస్తుంది. కనుక రెండు పరికరాల సంచికలను జంటగా ఎంచుకోవాలి.

6. లింకర్ పట్టుకునేవి, పట్టుకోనివి

దశాంశ విలువల ఒడంబడిక భిన్నంగా ఉన్న రెండు ఫైళ్లను కలపబోతే లింకర్ దోషం చూపి ఆగిపోతుంది. కుదించిన ఆదేశాల విషయంలో అలా కాదు. ‘సి’ విస్తరణతో నిర్మితమైన లైబ్రరీని, అది లేని ఫైలును లింకర్ అభ్యంతరం లేకుండా కలుపుతుంది. 32 బిట్ల ఆదేశాలలో చివరి రెండు బిట్లూ 1 గానే ఉంటాయి. 16 బిట్ల ఆదేశంలో అలా ఉండవు కనుక తేజస్32 వంటి ప్రాసెసర్ దానిని చెల్లని ఆదేశంగా పరిగణిస్తుంది. ఆ లైబ్రరీ ప్రమేయాన్ని పిలిచే క్షణం వరకు ప్రోగ్రాము సక్రమంగానే నడుస్తుంది. ప్రయోగశాలలో ఇటువంటి లోపం హార్డ్‌వేర్ దోషంగా భ్రమింపజేస్తుంది.

7. నిర్ధారణ

ఈ ప్రమాదాన్ని మూడు పరీక్షలతో నివారించవచ్చు. మొదటిది, జిసిసిని ‘వి’ ఐచ్ఛికంతో నడిపి, అది పిలుస్తున్న అసెంబ్లర్ ఏదో, దానికి అందుతున్న ‘ఎం-ఆర్చ్’ విలువ ఏదో చూడాలి. రెండవది, తుది ఫైలు శీర్షికను రీడ్‌ఎల్ఫ్‌తో పరిశీలించాలి. కలిపిన ఫైళ్లలో ఏ ఒక్కదానికి ‘ఆర్‌విసి’ గుర్తు ఉన్నా లింకర్ దానిని తుది ఫైలులో నిలుపుతుంది. తేజస్32కు ఆ గుర్తు కనిపించకూడదు. మూడవది, ఆబ్జ్‌డంప్‌తో యంత్రభాషను విప్పి, ప్రతి ఆదేశం నాలుగు బైట్లు ఆక్రమిస్తున్నదో లేదో గమనించాలి.

8. ముగింపు

ప్రాసెసర్ పత్రంలోని ఆదేశసమితి, కంపైలర్‌కు ఇచ్చిన సంకేతం, ఆ సంకేతాన్ని అసెంబ్లర్ అర్థం చేసుకునే తీరు, లైబ్రరీలు నిర్మితమైన విధానం - ఈ నాలుగూ ఏకీభవించినప్పుడే అమరిక పూర్తయినట్లు. వీటిలో కొన్ని వైరుధ్యాలను అసెంబ్లర్, కొన్నింటిని లింకర్ బయటపెడతాయి. మిగిలినవి ప్రాసెసర్ ఆగిపోయినప్పుడే తెలుస్తాయి. పరిశోధన ఫలితాలను ప్రకటించేటప్పుడు జిసిసి సంచికతో పాటు బైన్‌యుటిల్స్ సంచికను, అమరిక ఐచ్ఛికాలను కూడా పేర్కొంటే, అదే ప్రయోగాన్ని మరొకరు యథాతథంగా పునరావృతం చేయడం సాధ్యమవుతుంది.