కన్ను గెంతులు – మెదడు లయలు

జనగామలో రైలెక్కి మహబూబాబాద్ వెళ్తున్నారనుకోండి. కాజీపేట, వరంగల్లు, నెక్కొండ, కేసముద్రం మీదుగా సాగే ఆ దారిలో చూడదగినవి చాలా ఉన్నాయి. అయినా ఈసారి మీరు బయటికి చూడకండి. కిటికీ పక్కన కూర్చుని కరెంటు స్తంభాలు చూస్తున్న మీ చెల్లెలి కళ్లను గమనించండి. నల్లగుడ్డు ఒక స్తంభం వెంట మెల్లగా జరుగుతుంది. అది దాటిపోగానే టక్కున వెనక్కు గెంతి ఇంకో స్తంభాన్ని పట్టుకుంటుంది. బండి ఆగేదాకా ఇదే వరస. ఏం చేస్తున్నావని అడిగితే మాత్రం, "ఊరికే చూస్తున్నా" అంటుంది!

రైల్లోనే కాదు, ఈ పంక్తి చదువుతున్న మీ కళ్లు కూడా గెంతుతూనే ఉన్నాయి. చదివేటప్పుడు చూపు పంక్తి మీద జారదనీ, ఆగి ఆగి దూకుతుందనీ ఫ్రాన్సులో జవాల్ అనే కంటి వైద్యుడు 1879లో వెల్లడించాడు. ఒక్కొక్కచోట చూపు ఆగేది సుమారు పావు సెకను. గెంతుకు పట్టే కాలం సెకనులో వెయ్యోవంతులు 20 నుంచి 50 దాకా. అంటే సెకనుకు మూడు నాలుగు గెంతులన్నమాట.

ఎందుకీ గెంతులు? చెయ్యి చాచి మీ బొటనవేలి గోరును చూడండి. ఏ క్షణంలోనైనా మనకు బాగా స్పష్టంగా కనిపించేది దాదాపు ఆ గోరంత మేరే. రెటీనా నడుమ ఫోవియా అనే చిన్న గుంట ఉంది. సూక్ష్మమైన వివరాలను పట్టుకోగలిగేది అదొక్కటే. అందుకని దాన్ని వస్తువు నుంచి వస్తువుకు తిప్పుతూ ఉండాలి.

ఇప్పుడొక ప్రయోగం. అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటిని చూడండి. వెంటనే కుడి కంటిని చూడండి. మీ కళ్లు కదలడం మీకు కనిపించిందా? కనిపించదు. పక్కనున్న స్నేహితుడికి చక్కగా కనిపిస్తుంది! గెంతే క్షణంలో మెదడు చూపును అణిచివేస్తుంది. లేకపోతే లోకమంతా గిర్రున తిరిగినట్లుండేది. (సెల్‌ఫోన్ ముందు కెమెరాతో చేస్తే కదలిక దొరికిపోవచ్చు. బొమ్మ కొంచెం ఆలస్యంగా తెరమీదికి వస్తుంది కదా!)

ఇది వింతగా చెప్పుకుని వదిలేసే సంగతి కాదు. జనగామ దగ్గర హైదరాబాదు–వరంగల్లు రహదారి దాటేటప్పుడు, తల ఒక్క విసురున అటూ ఇటూ తిప్పి పరుగెత్తేవాళ్లు ఉంటారు. ఆ విసురులో చూపు ఆగేది రెండు మూడు చోట్లే. నడుమ వస్తున్న మోటారుసైకిలు గెంతులో పడి మాయం కావచ్చు. రోడ్డు పొడవునా నాలుగైదు చోట్ల చూపు ఆపి, మళ్లీ ఒకసారి చూస్తే ఆ ఖాళీలు నిండుతాయి.

సరే, తర్వాత ఎక్కడికి గెంతాలో కంటికి ఎవరు చెబుతారు? భూపాలపల్లి సింగరేణి భూగర్భ గనిలోకి దిగే కార్మికుని టోపీకి దీపం ఉంటుంది. తల ఎటు తిరిగితే వెలుగు అటు. మన మెదడులో ఇంకో దీపం ఉంది: అవధానం. దానికి తల తిప్పనక్కర్లేదు, కన్ను కదపనక్కర్లేదు. బోర్డు వైపే చూస్తూ పక్కవాడి చేతిలోని జామకాయను కనిపెట్టడం మీకు కొత్తా! జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలోనే దీన్ని రుజువు చేశాడు. చీకటి పెట్టెలో అక్షరాలుంచి, చూపును ఒకేచోట నిలిపి, విద్యుత్ మెరుపుతో క్షణకాలం వెలిగించాడు. కన్ను కదిలే వ్యవధే లేదు. అయినా తాను ముందుగా మనసు పెట్టిన చోటి అక్షరాలనే చదవగలిగాడు. మహబూబాబాద్ మిరప చేలో కాయలు ఏరేవాళ్ల కన్ను ఒక పండుకాయ మీద ఉండగానే అవధానం పక్క కాయను పట్టేస్తుంది. కన్ను దాని వెనకాలే గెంతుతుంది.

ఈ దీపం నిలకడగా వెలుగుతుందా, మినుకు మినుకుమంటుందా? ఇక్కడే మెదడు లయలు వస్తాయి. జర్మనీలో యేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు విద్యుత్ తరంగాలను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అదే చేసి చూపాక నమ్మక తప్పలేదు. కళ్లు మూసుకుంటే తల వెనకభాగంలో సెకనుకు సుమారు 10 సార్లు ఊగే అల్ఫా తరంగాలు లేస్తాయి. కళ్లు తెరిస్తే అణుగుతాయి. కన్ను కదపకుండా ఒక పక్కకు మనసు పెట్టినా, ఆ పక్కను చూసుకునే మెదడు భాగంలో అవి తగ్గుతాయని తరువాత తేలింది.

2009లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు మసక మెరుపులు చూపించి పరీక్షించారు. అదే మెరుపు ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు. సెకనుకు సుమారు 7 సార్లు ఊగే మెదడు తరంగం ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి అది కొంతవరకు మారుతున్నదని చూశారు. 2018లో అమెరికాలో కోతుల మీదా, మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడులు అమర్చిన రోగుల మీదా చేసిన పరిశోధనలు మరో అడుగు వేశాయి. సెకనుకు 3 నుంచి 8 సార్లు ఊగే లయలో ఒక దశలో అవధానం ఉన్నచోటును గట్టిగా పట్టుకుంటుంది. మరో దశలో పట్టు సడలి, ఇంకోచోటికి మళ్లే వీలు కలుగుతుంది. కన్ను గెంతులు సెకనుకు మూడు నాలుగు కదా, లెక్క ఎంత దగ్గరగా ఉందో చూడండి!

అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. ఇలాంటి ప్రయోగాల్లో మనిషి జవాబుల్లో కనిపించిన ఊపు నిజమైన లయ కాకపోవచ్చుననీ, క్రమంలేని హెచ్చుతగ్గులు కూడా ఆ లెక్కల్లో లయలా కనిపించగలవనీ 2022లో బ్రూక్‌షైర్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఎలక్ట్రోడులలో దొరికిన లయల మాట వేరని రెండోపక్షంవారు అంటారు. తగువు ఇంకా తెగలేదు.