మాట పాతది, అర్థము క్రొత్తది

ఈ దినమున నేను మాటలను గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

క్రొత్త పనిముట్టు ఊరిలో అడుగు పెట్టినప్పుడు దానితోపాటు క్రొత్త పేరు రావలెనను నియమము లేదు. పెక్కుసారులు అది మన యింటి మాటనే యెరువు పుచ్చుకొనును. మాట మనదే గదా యని మనము పాత యర్థముతో వినుచుందుము. ఎదుటివాడు క్రొత్త యర్థముతో పలుకుచుండును. ఈ రెంటి నడుమ చిక్కి ఒక్కొక్కప్పుడు ముహూర్తము తప్పును, ఒక్కొక్కప్పుడు సొమ్ము పోవును.

మొదట గడియను చూతము. పూర్వము అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచెడివారు. నీరు నిండి ఆ గిన్నె మునుగుటకు పట్టు కాలము గడియ. అట్టివి 60 అయినచో ఒక పగలును ఒక రాత్రియు గడచినట్లు. ఏడున్నర గడియలు ఒక జాము. ఆ కాలమున గంట యనగా మ్రోగెడి లోహమే. తరువాత సీమనుండి చక్రముల యంత్రము వచ్చినది. అది దినమును 24 భాగములు చేసి, భాగమున కొకసారి మ్రోగెను. ఆ మ్రోతను బట్టి ఆ కాలమునకే గంట యని పేరు కలిగెను. ఱెప్పపాటని యర్థముగల నిమిషము, గంటలో 60వ భాగమై కూర్చున్నది. గడియను వెడలగొట్టిన ఆ యంత్రమునకే మనవారు గడియారమని పేరు పెట్టుట విచిత్రము.

ఇది వినోదమునకు చెప్పినది కాదు. పంచాంగములలో నేటికిని కొన్ని ఘడియలలో లెక్క చూపును. అందు ‘ఘ’ అనునది ఘడియకు గుర్తు, ‘గం’ అనునది గంటకు గుర్తు. ఒక తిథి సూర్యోదయము మొదలు 20 ఘడియల వరకు ఉన్నదని వ్రాసియున్నదనుకొందము. ఘడియకు 24 నిమిషముల చొప్పున అది 480 నిమిషములు, అనగా 8 గంటలు. ఉదయము 6 గంటలకు ప్రొద్దు పొడిచిన దినమున ఆ తిథి పగలు 2 గంటలకే ముగియును. ఆ లెక్కను 20 గంటలని భ్రమించినవాడు రాత్రి 8 గంటల వరకు వేళ యున్నదనుకొని, దాటిపోయిన తిథిలో శుభకార్యము తలపెట్టును.

తంతి యను మాట మఱియొక త్రోవ నడచినది. వీణకు కట్టెడి తీగ తంతి. 1855 నుండి మన దేశమున ప్రజలు తీగలమీదుగా వార్త పంపుకొను వసతి కలిగినది. ఆ వార్తకును తంతి యనియే పేరు వచ్చెను. పల్లెలో తంతి వచ్చినదన్నచో, విప్పి చదువకమునుపే ఇల్లు ఘొల్లుమనెడిది. ఏలయన, చావు కబురు వంటి తొందర యున్నగాని ఎవ్వరును అంత రుసుము పెట్టెడివారు కారు. ఆ విధముగ సంగీతపు మాట దుఃఖపు మాట యైనది. 2013 జూలైలో ఆ సేవ నిలిచిపోయెను. నేటి బిడ్డలకు తంతి యనగా తిరిగి వీణతీగయే. పనిముట్టు పోగా మాట తన యిల్లు చేరుకొన్నది.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది వ్రేలిముద్ర. పత్రము వ్రాసినప్పుడు చదువు వచ్చినవాడు చేవ్రాలు చేసెడివాడు, రానివాడు నిశాని పెట్టెడివాడు. వ్రేలిముద్రవాడనుట ఒక తిట్టు. అయినను ఆ ముద్రలోని శక్తిని కొందఱు ముందే గ్రహించిరి. 1858లో వంగదేశమున విలియం హెర్షెల్ అను ఉద్యోగి, ఒక గుత్తేదారు మాట తప్పకుండుటకై ఒడంబడికపై అతని చేతిముద్ర తీసికొనెను. ఒకరి పింఛను మఱియొకరు పుచ్చుకొనకుండ, 1877లో హుగ్లీలో వ్రేలిముద్రలు వేయించినవాడును ఆయనయే. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. 2010లో ఆధారు సంఖ్యల నిచ్చుట మొదలైనది. నేడు పండితుడును పామరుడును ఒకే గాజుపలకపై వ్రేలు మోపుచున్నారు. ఆ మాటను పట్టిన సిగ్గు వదలినది. అది మంచిదే.

కాని పాత నిశాని కాగితముమీద నిలిచియుండెడిది. ప్రక్కన సాక్షులుండెడివారు, వ్రాసినవాడు చదివి వినిపించెడివాడు. నేటి ముద్ర గాజుమీద పడి క్షణములో మాయమగును. అదే వ్రేలు బియ్యము నిప్పించును, పింఛను నిప్పించును, బ్యాంకులోని మీ సొమ్మును వెలికి తీయును. ఎదుటివాడు ఏ పనికి మోపుమనుచున్నాడో ఆ గాజు చెప్పదు. వ్రేలిముద్ర యనగా పూర్వము “నాకు చదువు రాదు” అని యర్థము. నేడు “నేను ఒప్పుకొంటిని” అని యర్థము. అది మీ పెట్టెకు తాళపుచెవి.

కావున వ్రేలు మోపుటకు ముందు, ఇది దేనికని అడుగుడు. సొమ్మెంతయో చూచి, లేదా ఇంటి పిల్లవానిచే చదివించి, రసీదు పుచ్చుకొనుడు. మొదటి ముద్ర పడలేదు, మరల వేయుమన్నచో, అది నిజముగా తప్పినదో లేదో తెలిసికొని మరల వేయుడు. ఆధారు సంస్థవారు వ్రేలిముద్రకు తాళము వేసికొను వసతియు కల్పించిరి. పని పడినప్పుడు దానిని తీసికొనవచ్చును.

మఱియొక సంగతి. ఏండ్ల తరబడి నాగలియు పారయు పట్టిన చేతులలో గీతలు అరిగిపోవును. అప్పుడు యంత్రము మనిషిని గుర్తుపట్టదు. అది కష్టపడిన చేతి తప్పు కాదు. కంటిపాపనో ముఖమునో చూచి గుర్తించు పద్ధతులు కొన్ని చోట్ల గలవు. వానిని అడుగుటకు మొగమాటపడి వట్టిచేతులతో తిరిగి రావలదు.

ఊరిలో ఏ తగవు వచ్చినను మీరు మొదట, “నీవన్న మాటకు అర్థమేమి?” అని అడుగుదురు. ఆ ప్రశ్ననే యంత్రము ముందును అడుగుడు. సెలవు.